ఇప్పుడేమి చదువుచున్నారు?

మన వీథులలో ఇద్దఱు స్త్రీలు ఎదురుపడినప్పుడు మొట్టమొదట పుట్టెడి ప్రశ్న యేదో మీరెఱుగనిది కాదు. “ఈ పూట ఏమి కూర?” అని యడుగుదుము. ఈ ప్రశ్నను నేను తేలికగా చూచుదానను గాను. అందులో ఎదుటివారి యింటి క్షేమము కలదు. అంగడిలోని ధరల సంగతి కలదు. ఒక్కొక్కప్పుడు పైకి చెప్పుకొనలేని చేతియిబ్బందియు కలదు. “పచ్చడితో సరిపెట్టుకొంటిమమ్మా” అని యొకామె నవ్వుచు చెప్పినప్పుడు, ఆ నవ్వు వెనుకనున్న నెలాఖరు రెండవ యామెకు తెలియకపోదు.

అయినను, ముప్పదియైదేండ్లకు పైగా చీరాలలో కాపురము చేయుచున్న నన్ను, “ఇప్పుడేమి చదువుచున్నారు?” అని అడిగిన పొరుగింటి యిల్లాలు ఒక్కతెయు లేదు. నేను మాత్రము ఎవరినైన అడిగితినా? లేదు. మాలో చదువు రానివారు చాల కొద్దిమంది. మా వీథిలో ప్రతి యింటను, దిండు క్రిందనో, కుట్టుమిషను సొరుగులోనో, సగము చదివిన పుస్తకమొకటి యుండనే యుండును. కాని ఎవరైన గడప త్రొక్కిన చప్పుడైనచో దానిని మూసి ప్రక్కకు త్రోసి, చీపురో చేటయో చేత బట్టుకొందుము. వంట చేయుచు కనబడినచో గౌరవము. చదువుచు కనబడినచో ఏదో తప్పుచేసి పట్టుబడినట్లు సంకోచము. ఈ సంకోచమువలన మా యింట జరిగిన యొక సంగతిని మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అత్తగారికి ఇప్పుడు ఎనుబదిమూడేండ్లు. బాపట్లకు దగ్గఱనున్న యొక పల్లెలో వ్యవసాయపు కుటుంబమున పుట్టిరి. ఎనిమిదవ తరగతితో చదువు మానిపించి పెండ్లి చేసిరి. రెండేండ్ల క్రిందట ఆమెకు చూపు తగ్గుట మొదలయ్యెను. వైద్యునికడకు తీసికొనిపోతిమి. శుక్లములు అంతకుమున్నే తీయించియుంటిమి. ఇది వేఱని ఆయన చెప్పెను. కంటి లోపల వెనుకభాగమున నున్న సున్నితమైన తెరకు నడిమిభాగము కొందఱిలో వయస్సుతోపాటు క్షీణించునట. ప్రక్కచూపు నిలుచును గాని, సూటిగా చూచినది మసకబాఱును. ఆమె స్థితిలో పోయిన చూపును మరల తెచ్చు మందు లేదని చెప్పెను. నాటినుండి ఆమెకు గుమ్మము కనబడును గాని, గుమ్మములో నిలిచిన మనుష్యుని ముఖము కనబడదు. కంచపు అంచు కనబడును గాని, నడుమ వడ్డించిన కూర కనబడదు. పుస్తకము తెఱచి పట్టుకొనినచో నాలుగు ప్రక్కలనున్న తెల్లని అంచులే కాని అక్షరములు కనబడవు.

ఆమె ఈ సంగతిని ఎవరితోను గొప్ప దుఃఖముగా చెప్పుకొనలేదు. ఒకనాటి మధ్యాహ్నము మాత్రము, భోజనములైన పిదప నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుండగా, “అమ్మాయీ, అటకమీద నా ట్రంకుపెట్టెలో పాలలెక్క పుస్తకం ఒకటి ఉండాలి. తీసుకురా” అనిరి.

తెచ్చితిని. అది 1993వ సంవత్సరపు పాలలెక్క. చివరి పుట త్రిప్పుమనిరి. అక్కడ “చదవవలసినవి” అను పేరు క్రింద, గుండ్రని అక్షరములతో నాలుగు పుస్తకముల పేర్లు వ్రాసియుండెను. మొదటిది మాలపల్లి. రెండవది శారద లేఖలు. మూడవది అబలా సచ్చరిత్ర రత్నమాల. నాలుగవది రాధికాసాంత్వనము. పిదప అయిదు అని అంకె వేసి, దాని కెదురుగా ఏమియు వ్రాయలేదు. ఆ క్రిందనే పాలమనిషికి ఇయ్యవలసిన బాకీ కూడిక యున్నది.

“ఈ పేర్లు మీకెట్లు తెలిసినవి అత్తయ్యగారూ?” అని యడిగితిని.

విజయవాడ రేడియోలో ఎవరెవరో పుస్తకములను గూర్చి చెప్పుచుండగా విని, ఎప్పటి పేరప్పుడు వ్రాసికొంటినని చెప్పిరి.

“మఱి చదువలేదేమి?”

“పిల్లల పెండ్లిళ్లు, నీ కాన్పులు, మీ మామగారి పక్షవాతం. రేపు చదువుదాం, రేపు చదువుదాం అనుకున్నాను. కళ్లు అంతవరకు ఆగలేదు.”

నా చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే యుండిపోయెను. ముప్పదియైదేండ్లు ఒకే పొయ్యి దగ్గఱ నిలిచినవారము మేము. చారులో ఆమెకు ఇంగువ ఎంత కావలెనో నాకు తెలియును. ఏ ప్రక్కకు తిరిగి పడుకొందురో తెలియును. ఆమె ఏమి చదువగోరిరో మాత్రము తెలియదు. ఆ 1993లోనే నేను ఆ యింటనే వారపత్రికలలోని సీరియలు నవలలను చాటుగా చదువుచుంటిని. గోడ కీవల నేను, గోడ కావల ఆమె. పొరుగువారు నన్ను అడుగలేదని పైన నేను చెప్పిన ఫిర్యాదు మొదట నామీదనే పెట్టవలసినది.

ఆ వారమే మాలపల్లి తెప్పించితిని. నాటినుండి ప్రతిదినము మధ్యాహ్నము రెండు గంటలకు, వసారాలో ఆమె మంచముమీద కూర్చుండగా, నేను ప్రక్కన పీట వేసికొని బిగ్గఱగా చదువుట మొదలిడితిని. వెనుక వీథిలో ఇప్పటికిని మగ్గములు కొన్ని ఆడుచున్నవి. ఆ చప్పుడు ఎక్కువైనప్పుడు నా గొంతు పెంచుదును. ఆమె చేతులు ఊరకుండవు. తడుముచు పప్పులో రాళ్లు ఏఱుదురు, వత్తులు చేయుదురు; చెవి మాత్రము పుస్తకముమీదనే యుండును.

ఈ నవలను గూర్చి తెలియనివారికై రెండు మాటలు చెప్పుదును. దీనిని వ్రాసినవారు ఉన్నవ లక్ష్మీనారాయణగారు. భార్య లక్ష్మీబాయమ్మగారితో కలసి, బాలికల విద్యకొఱకు గుంటూరులో 1922లో శారదానికేతనమును స్థాపించినవారు వీరే. స్వరాజ్యోద్యమమున జెయిలుకు పోయి, అక్కడనుండగా ఈ కథ వ్రాసిరి. 1922లో అచ్చుపడిన ఈ నవలను నాటి మదరాసు ప్రభుత్వమువారు నిషేధించిరి. కథ మాలపల్లెలోని రామదాసు కుటుంబమునది. రామదాసు భక్తుడు, శాంతుడు. ఆయన కుమారుడు సంగదాసు చౌదరయ్య యను భూస్వామి యింట పాలేరు. ఆ చౌదరయ్య కుమారుడు రామానాయుడునకు సంగదాసు సేవకుడు కాడు, స్నేహితుడు. ఇద్దఱును కలసి చదువుదురు, తర్కింతురు, లోకమును బాగుచేయగోరుదురు. మా గుంటూరుసీమ పలుకుబడి ఈ పుస్తకమున నిండియున్నది. తన చిన్ననాట విన్న సామెతయో, పనిముట్టు పేరో వచ్చినప్పుడు అత్తగారు చేతిపని ఆపి, “ఆ మాట ఇంకొకసారి చదువు” అనువారు.

కొన్ని వారములు హాయిగా గడచెను. పిదప సంగదాసు మరణఘట్టము వచ్చెను.

చౌదరయ్య కోపమున కొట్టిన దెబ్బకు ఆ నిరపరాధియైన యువకుడు ప్రాణము విడుచును. ఇట్లగునని నేను ముందుగానే పుటలు త్రిప్పి చూచి తెలిసికొంటిని. అప్పుడు నాకు మా మరిది జ్ఞాపకమునకు వచ్చెను. ఆయనను నేను చూడలేదు. నేనీ యింట కాలు పెట్టుటకు రెండేండ్లకు ముందు, 1986లో, ఇరువదియొక్కేండ్ల వయస్సున జ్వరముతో పోయెను. హాలులో ఆయన పటమున్నది. ప్రతి శుక్రవారము ఆ పటమునకు పూలదండ మార్చునది అత్తగారే. ఇప్పుడు కనబడకున్నను తడిమి మార్చుదురు. ఎదిగిన కొడుకును పోగొట్టుకొనిన తల్లికి, ఎదిగిన కొడుకును పోగొట్టుకొనిన తల్లిదండ్రుల గోడు నా నోటితో ఎట్లు వినిపింతును? వినిపింపలేననుకొంటిని. ఆనాడు సంగదాసు బ్రదికియున్న పుటవఱకు చదివి, మెల్లగా నాలుగు పుటలు త్రిప్పి, తరువాతి సంగతి నెత్తుకొంటిని. మధ్యనున్న సంధిని నా మాటలతో అతికితిని. చాల నేర్పుగా చేసితినని లోలోపల సంతోషించితిని కూడ.

అత్తగారి చేతిలోని వత్తి ఆగిపోయెను.

“అమ్మాయీ, పుట తిరిగిన చప్పుడు నాలుగుసార్లు వినబడింది. నీ గొంతు వినబడలేదు.”

“పుటలు అంటుకొనియున్నవి అత్తయ్యగారూ, విడదీయుచున్నాను” అని బొంకితిని.

ఆమె మఱేమియు అనలేదు. మఱునాడు రెండు గంటలకు పుస్తకము తీసికొని పోగా, “నిద్ర వస్తోంది” అని గోడవైపునకు తిరిగి పడుకొనిరి. ఆ మఱునాడును అట్లే. మూడవనాడు నాకు అన్నము సహింపలేదు. ఆమె పాదములవద్ద కూర్చుండి, జరిగినది జరిగినట్లు ఒప్పుకొంటిని. ఎందుకు దాటితినో అదియు చెప్పితిని.

ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప ఇట్లనిరి. ఆమె మాటలలోనే వ్రాయుచున్నాను.

“నా మేలు కోరే చేశావు, తెలుసు. కాని ఒక మాట విను. నాకు పన్నెండేళ్లప్పుడు మా పుట్టింట పాలేరుగా ఉన్న పిల్లవాడు పాము కరిచి పోయినాడు. వాని తల్లి మా పెరటి గుమ్మం దగ్గర కూర్చుని ఏడుస్తూ ఉంటే, మా నాయనమ్మ నన్ను లోపలికి పిలిచి తలుపు వేసింది. చిన్నపిల్లవు, నీవు వినకూడదన్నది. నా కొడుకు పోయినప్పుడు ఊరు ఊరంతా వచ్చి నాతో ఏడ్చింది. ఆ తల్లితో మా ఇంట ఒక్కరూ ఏడవలేదు. 1985లో కారంచేడునుంచి వాళ్లు పారిపోయి మన ఊరికి వచ్చినప్పుడు కూడా మన వీథిలో తలుపులు వేసుకునే ఉన్నాము. ఈ పుస్తకం పేరు రేడియోలో విని ఎందుకు రాసుకున్నాననుకున్నావు? ఆ తలుపు అవతలి ఏడుపు ఒక్కసారైనా పూర్తిగా విందామని. ఇప్పుడు నీవు కూడా తలుపు వేస్తే ఎట్లా?”

దూరప్రాంతములవారికి చెప్పవలెను. 1985 జూలై మాసమున చీరాలకు దాపుననున్న కారంచేడు గ్రామములో ఆఱుగురు దళితులు హత్య చేయబడిరి. ప్రాణములు దక్కినవారు చీరాలకు వచ్చి తలదాచుకొనిరి. మా యింటికి కొంతదూరములోనే అది జరిగినను, ఆ సంగతి మా యింట ఎవరి నోటను నేను అంతవఱకు వినలేదు.

ఆ మధ్యాహ్నమే దాటిన నాలుగు పుటలకు వెనుకకు పోయి, మొదటినుండి చదివితిని. నా గొంతు మూడుమాఱులు పూడుకొనిపోయెను. మూడుమాఱులును ఆమె “ఆగు” అనలేదు. నేను తేఱుకొనువఱకు ఊరకుండి, “ఊఁ, తరువాత” అనిరి. ఆ ఘట్టము ముగిసిన పిదప పుస్తకము మూయించి, ఎన్నడును లేనిది, మా మరిదిని గూర్చి నాతో మాటలాడిరి. అంతవఱకు నాకు ఆయన పటములోని ముఖమే తెలియును. ఆయన గ్రంథాలయమునుండి తెచ్చిన పుస్తకమొకటి జ్వరముతో పడుకొనినప్పుడు దిండు ప్రక్కన నుండెనట. కర్మలు ముగిసిన పిదప అత్తగారు తామే నడచిపోయి దానిని తిరిగి యిచ్చి వచ్చిరట. సగమువఱకు చదివి, గుర్తుగా చింపిన క్యాలెండరు కాగితము పెట్టుకొనియుండెనట. ఆ కాగితము తీసి దాచుకొని పుస్తకము ఇచ్చివేసిరట. అది యే పుస్తకమని అడిగితిని. ఆమెకు జ్ఞాపకము లేదు. “అప్పుడు పేరు చూడాలని తోచలేదమ్మా. వాడేమి చదువుతున్నాడో ఒక్కసారైనా అడిగి ఉండవలసింది” అనిరి.

సోదరీమణులారా! ఎదుటివారిమీద ప్రేమచేత మనము దాటవేయు పుటలు ఇంటింట ఎన్ని లేవు? ఆడపిల్లకు ఇది తగదని తల్లి దాటించును. కోడలికి ఇది ఎందుకని అత్త దాటించును. ముసలివారు దీనిని ఓర్వలేరని పిల్లలు దాటింతురు. దాటించువారెవరును చెడ్డవారు గారు; నేనును చెడ్డబుద్ధితో చేయలేదు. కాని అట్లు చేసినప్పుడు ఆ పుస్తకమును నా యత్తగారు చదువుటలేదు, నేను కత్తిరించి యిచ్చినదానిని వినుచున్నారు. ఆ భేదము ఆమె చెవికి తెలిసెను. ఎవరేమి చదువుచున్నారని యడుగుటకును, ఎవరేమి చదువవలెనో నిర్ణయించుటకును మధ్యనున్న దూరము నాకప్పుడు బోధపడెను.

ఆమె జాబితాలో నాలుగవదైన రాధికాసాంత్వనముయొక్క చరిత్రమే ఇందుకు తగిన సాక్ష్యము. తంజావూరున ప్రతాపసింహుని కాలమున, అనగా 18వ శతాబ్దమున, ముద్దుపళని యను విదుషీమణి రచించిన శృంగారకావ్యమిది. 19వ శతాబ్దమున అచ్చయినప్పుడు, కవయిత్రి తన్ను గూర్చియు తన పెద్దలను గూర్చియు చెప్పుకొనిన పద్యములను, మఱికొన్ని పద్యములను అందులో విడిచిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో పోల్చిచూచి, విడిచిన పద్యములతో సహా పరిష్కరించి 1910లో వావిళ్లవారిచేత ప్రకటింపజేసిరి. సంగీతవిద్వాంసురాలిగా కీర్తి గడించి, తిరువయ్యూరున త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించినది ఈ నాగరత్నమ్మగారే. ఆ ముద్రణము అశ్లీలమని ప్రభుత్వమువారు నిషేధించిరి. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఒక స్త్రీ వ్రాసినదానిని ఒక స్త్రీ పూర్తిగా అచ్చువేసినందుకు, తక్కిన స్త్రీలు దానిని చదువుటకు ఇన్నేండ్లు పట్టెను.

ఈ కావ్యము పేరు జాబితాలో చూచినప్పుడు నాకు కొంచెము సిగ్గు కలిగినమాట నిజము. “అత్తయ్యగారూ, ఇందులో శృంగారము మెండట. నేను మీకెట్లు చదివి వినిపింతును?” అని యడిగితిని.

“ఎనభైమూడేళ్లదాన్ని, నాకు తెలియనిది అందులో ఏముందే! నీకు సిగ్గయితే ఆ పద్యం కాస్త మెల్లగా చదువు. దాటవద్దు” అని నవ్విరి.

అయితే వరుసప్రకారము మేము ఇక ఎత్తుకొనవలసినది శారద లేఖలు. మాలపల్లి ఇంకను ఇరువది దినముల చదువు మిగిలియున్నది. శారద లేఖలు వ్రాసిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు బాపట్లవారు. అత్తగారి పుట్టినూరికి పొరుగువారే యనవచ్చును. 1928లో మదరాసున కేసరిగారు స్థాపించిన గృహలక్ష్మి మాసపత్రికలో, శారద యను స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకు వ్రాయు ఉత్తరములుగా వీనిని ప్రకటించిరి. బాల్యవివాహములను నిరోధించిన 1929వ సంవత్సరపు శారదాశాసనము మొదలు ఖద్దరు వఱకు, నాటి స్త్రీలకు కావలసిన ప్రతి సంగతియు ఒక స్నేహితురాలు మఱొక స్నేహితురాలితో చెప్పుకొనినట్లే యుండునట. పుస్తకముతో తృప్తిపడక, వేటపాలెము పోయి సారస్వతనికేతనములో ఆ నాటి పత్రికలు దొరకునేమో చూచి రావలెనని నా యభిలాష. 1918లో స్థాపింపబడిన ఆ గ్రంథాలయము పాత పత్రికల సంపుటములకు పేరొందినది. మా యింటినుండి అరగంట ప్రయాణము. ఇన్నేండ్లు అంత సమీపమున నుండి ఒక్కమాఱైనను గడప త్రొక్కలేదు.

ఆ పిదప అబలా సచ్చరిత్ర రత్నమాల. దీనిని వ్రాసిన బండారు అచ్చమాంబగారి చరిత్రమును ముందుగా కొంత చదివితిని. 1874లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున పుట్టిన ఆమెకు బడిచదువు లేదు. చిన్ననాటనే వివాహమై భర్తతో మధ్యపరగణాలకు పోయెను. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆమె యింటనుండి చదువుకొనుచుండగా, ఆయన ప్రక్కన కూర్చుండి తానును నేర్చుకొనెను. కన్న కొడుకును కూతురును పసితనముననే పోయిరి. ఆ దుఃఖమును దిగమ్రింగి, మన దేశపు స్త్రీల చరిత్రములను వెదకి వెదకి ఈ గ్రంథమును వ్రాసెను. తరువాతి భాగము పూర్తి కాకమునుపే 1905లో, ముప్పది యేండ్ల వయస్సున, కాలధర్మము నొందెను. ఈ సంగతి అత్తగారికి చెప్పగా, “ఆమెకూ ఒక జాబితా మిగిలిపోయిందన్నమాట” అనిరి.

మా మనుమడు హైదరాబాదునుండి వచ్చినప్పుడు మా యిద్దఱి అవస్థ చూచి, తన సెల్‌ఫోనులో పుస్తకములను యంత్రమే చదువు ఏర్పాటు చేసి యిచ్చెను. అత్తగారు ముచ్చటపడి రెండు దినములు వినిరి. నేను ఊరికి పోయినప్పుడు ఇప్పటికిని అదే ఆమెకు తోడు. కాని నేనున్న దినములలో నన్నే చదువుమందురు. “అది పుటలు దాటదు, నిజమే. కాని నేను కళ్లు తుడుచుకునేటప్పుడు ఆగదు” అనిరి. ఆ మాట విని నాకు కలిగిన గర్వమును ఇక్కడ దాచుకొనను.

మఱొక చిత్రము చెప్పి ముగింతును. నెలక్రిందట ఎదురింటి వదినగారు పెరుగుతోడుకై గిన్నె పట్టుకొని వచ్చిరి. వచ్చునప్పటికి నేను చదువుచుంటిని. అలవాటుచొప్పున పుస్తకము మూయబోతిని. అత్తగారు నా మోచేయి పట్టుకొని, “చదువు. ఆమె కూడా వింటుంది” అనిరి. వదినగారు గిన్నె ఒడిలో పెట్టుకొని గుమ్మములోనే కూర్చుండిరి. మఱునాడు తోడు అవసరము లేకయే వచ్చిరి. ఇప్పుడు నలుగురము కూర్చుండుచున్నాము. ఒకామె తన చిక్కుడుకాయలు తెచ్చుకొనును, ఒకామె మనుమరాలి గౌనుకు కుట్టు తెచ్చుకొనును. నిన్న సంతలో ఎదురుపడినప్పుడు వదినగారు నన్ను, “ఏమి కూర?” అని యడుగుటకు ముందే, “జ్యోతి సంగతి ఏమవుతుందండీ?” అని యడిగిరి. జ్యోతి రామదాసుగారి కూతురు. చెప్పలేదు. రేపు రెండు గంటలకు రండని పిలిచితిని.

ఇక ఆ పాలలెక్క పుస్తకములో అయిదవ అంకె కెదురుగానున్న ఖాళీ. మొన్న అత్తగారు, “నీవేమి చదవాలనుకుంటున్నావో అక్కడ రాయి” అనిరి. కలము చేత పట్టుకొని చాలసేపు కూర్చుంటిని. అరువదియేండ్లు వచ్చుచున్న దానను, నాకిది కావలెనని ఒక పుస్తకము పేరు చెప్పుకొనుటకు ఇంత ఆలోచన కావలసివచ్చెను. తుదకు ఇల్లిందల సరస్వతీదేవిగారి స్వర్ణకమలాలు అని వ్రాసితిని. 1982లో సాహిత్య అకాడమీ బహుమతి నందిన ఆ కథల సంపుటమును గూర్చి నా పడుచుదనమున విని, ఆమెవలెనే రేపు, రేపు అనుకొంటిని. నా కండ్లు ఇంకను బాగుగానే యున్నవి.

ఈ పత్రిక చదువు సోదరీమణులు ప్రస్తుతము ఏమి చదువుచున్నారో, తరువాత ఏమి చదువదలచిరో, ముందుగా మీ యింటనున్న పెద్దామెతోనో, కోడలితోనో, కూతురితోనో చెప్పుడు. వారిదియు అడుగుడు. వారు చెప్పిన పేరు మీకు నచ్చకున్నను దిద్దకుడు. పిదప తీరికయైనప్పుడు ఈ పత్రికకును వ్రాయుడు. అయిదవ అంకె క్రింద ఆఱు అని వేసి, అత్తగారు ఇప్పటికే ఖాళీ విడిపించియున్నారు.